యజమాని లేని నూరో పేరు

డోరీన్ పికరింగ్ తన జీవితం మొత్తంలో తీసుకున్న మత్తుపదార్థం దగ్గుమందు ఒక్కటే. అదీ డాక్టరు రాసిచ్చిన రెండు చెంచాలు. ఓసారి పొరపాటున తాగిన మూడో చెంచాకి తల తిరిగిందని వారం రోజులు అందరికీ చెప్పుకుంది. అలాంటి మనిషిని మా థార్న్‌విక్ పోలీసు స్టేషనులో ఒక బల్ల ముందు కూర్చోబెట్టి, ఊళ్ళో దొంగచాటుగా అమ్మే మత్తుమందులకి కుర్రకారు పెట్టుకున్న ముద్దుపేర్లన్నీ సేకరించమన్నారు. ముప్పై ఏళ్ళు సేకరించింది. సర్కారు వారు ఏ పనికి ఎవరిని పెట్టాలో ఎంత బాగా ఆలోచిస్తారో చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

నా పేరు ఐవీ. నాది డోరీన్ పక్క గది, పోయిన వస్తువుల గది. బస్సులో మరిచిపోయిన గొడుగులు, ఒంటి చేతితొడుగులు, సముద్రపు ఒడ్డున దొరికిన కట్టుడు పళ్ళు అన్నీ నా దగ్గరికే వస్తాయి. రిజిస్టరులో నాలుగు గళ్ళు ఉంటాయి: వస్తువు, దొరికిన చోటు, తేదీ, యజమాని. దొరికినట్టు నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తాను. ఇరవై ఎనిమిది రోజుల్లోగా ఎవరూ వచ్చి నాదనకపోతే, ఆ వస్తువు తెచ్చిచ్చినవాళ్ళకే చెందుతుంది. మా స్టేషనులో అందరికీ అర్థమయ్యే నియమం అదొక్కటే.

డోరీన్ పని అలా ఉండేది కాదు. కొకైన్‌ని చార్లీ అంటారని, హెరాయిన్‌ని బ్రౌన్ అంటారని మా ఊళ్ళో పాలు పోసేవాడికి కూడా తెలుసు. గంజాయికి ఉన్నన్ని పేర్లయితే రాజుల ఇంట పుట్టిన పిల్లాడికి కూడా ఉండవు. అయినా ఒక పేరు పుస్తకంలోకి ఎక్కాలంటే ముందు కాగితం నింపాలి, దాని మీద రెండు సంతకాలు పడాలి, ఏడాదికి రెండుసార్లు కూర్చునే సంఘం ఒకటి దాన్ని ఆమోదించాలి, ఆ తర్వాత పెద్దాఫీసు లాయరు చూడాలి. ఇంత తతంగం జరిగి పుస్తకం అచ్చయి వచ్చేసరికి కుర్రాళ్ళు ఆ పేరుని వదిలేసి రెండేళ్ళయ్యేది. హెడ్‌మాస్టరు బడిలో ఆ పుస్తకం తెరిచి గంభీరంగా చదువుతుంటే పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. పిల్లలు సంతోషంగా ఉన్నారు కాబట్టి కార్యక్రమం విజయవంతమైందని మాకు రిపోర్టు వచ్చేది.

ఇక ఆ నూరో పేరు సంగతి. అది తొంభై ఎనిమిదిలో జరిగింది. పొరుగు జిల్లా పోలీసులు తొంభై పేర్లతో పుస్తకం వేశారు. మా పెద్దాఫీసుకి రోషం పొడుచుకొచ్చింది. ఈసారికి సంఘమూ లాయరూ అక్కర్లేదు, నూరు పేర్లు ఉంటేనే అచ్చుకి డబ్బిస్తాం, సాయంత్రం నాలుగింటికల్లా పంపండి అని కబురు పెట్టారు. డోరీన్ దగ్గర తొంభై తొమ్మిదే ఉన్నాయి. మూడున్నరకి నా గదిలోకి వచ్చి స్టూలు మీద కూలబడింది.

"ఏం చెయ్యనే ఐవీ? ఒక్కటి తగ్గింది. బస్టాండు కాఫీ కొట్లో రెండు గంటలు కూర్చున్నా. కుర్రాళ్ళు ఫుట్‌బాల్ తప్ప ఇంకేం మాట్లాడలేదు."

"ఏదో ఒకటి రాసి పారెయ్యవే తల్లీ. ఎవడు చూడొచ్చాడు?" అన్నాను. ఆ మాటన్నది నేనే. ఇప్పుడు ఒప్పుకోక తప్పదు.

ఆవిడ నోట్లో బిస్కెట్ ఉంది. నములుతూనే ఏదో గొణిగింది. "ఫ్లంబిట్."

"అంటే?"

"ఏమో. ఏమీ కాదు. హెరాయిన్ అని రాసెయ్యనా?"

ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. ఆవిడ వెళ్ళి రాసేసింది. నేను ఊరుకోలేక, ముందున్న రిజిస్టరులో ఎడమచేతి తొడుగు కింద, పై వరస కట్టుడు పళ్ళకి ముందు ఒక వరస నింపాను. వస్తువు: ఒక మాట, పేరు ఫ్లంబిట్. దొరికిన చోటు: డోరీన్ నోట్లో, బిస్కెట్ పక్కన. ఆనాటి తేదీ. యజమాని: లేడు. నా చేతిరాత గుండ్రంగా, అందంగా ఉంటుంది. ఆవేళ ఇంకా ముచ్చటగా కుదిరింది.

నూరు పేర్ల పుస్తకం చూసి పొరుగు జిల్లా వాళ్ళకి కడుపు మండింది. వాళ్ళు మా నూరూ ఎత్తి రాసుకుని, మరో పది చేర్చి కొత్త పుస్తకం వేశారు. వాళ్ళని చూసి వేరే జిల్లా, దాన్ని చూసి ఇంకోటి. అలా పదకొండు జిల్లాలు తిరిగింది మా ఫ్లంబిట్. తర్వాత ఒక ప్రొఫెసరుగారు ఆ పదకొండు పుస్తకాలూ ముందేసుకుని, ఇది పూర్వం హాలండు నావికులు మన రేవులకి మోసుకొచ్చిన మాట అయి ఉంటుందని పేజీన్నర వ్యాసం రాశారు. ఆ వ్యాసం పెద్దాఫీసుకి చేరింది. అక్కడి నుంచి డోరీన్ బల్ల మీదికి ఒక కాగితం వచ్చింది: "మీ నూరో పేరు పన్నెండు ఆధారాలతో రూఢి అయినది. అభినందనలు." డోరీన్ ఆ కాగితం నాకు చూపించి ఈసారి నవ్వలేదు. "చెప్పేద్దామే" అంది. చెబుదాం, చెబుదాం అనుకుంటూనే పద్దెనిమిదేళ్ళు దొర్లిపోయాయి.

నిజానికి ఆ మాట బూటకమని కనిపెట్టినవాడు ఊరు మొత్తంలో ఒక్కడే ఉన్నాడు. కిటికీ అద్దాలు తుడిచే లెన్ హాగర్టీ. ఒకప్పుడు వాడు సూదికి బానిస. రెండుసార్లు జైలుకి కూడా వెళ్ళొచ్చాడు. డోరీన్ పుస్తకంలో ఉన్న అసలు సిసలు పేర్లలో సగం వాడు చెప్పినవే. తర్వాత మానేశాడు. మానేసి తొమ్మిదేళ్ళయింది. నిచ్చెన, బాల్చీ, రబ్బరుబద్ద పట్టుకుని వీధి వీధీ తిరిగేవాడు. మా స్టేషను కిటికీలు కూడా వాడే తుడిచేవాడు. ఓసారి నిచ్చెన మీద నుంచే కిటికీలోకి తల పెట్టి అన్నాడు.

"డోరీన్ తల్లీ, ఆ నూరో నంబరు ఏందమ్మా? ఇరవై ఏళ్ళు ఈ ఊళ్ళో ఆ చెత్త కొని పాడైపోయినోణ్ణి. ఆ పేరు ఒక్కనాడూ చెవిన పడలా."

"అది పెద్దింటోళ్ళు వాడతార్లే. నీలాంటివాళ్ళకి తెలీదు."

"పోనీలే. చెడిపోవడంలో కూడా నన్ను తక్కువోణ్ణి చేశావన్నమాట," అని నవ్వుకుంటూ దిగిపోయాడు. డోరీన్ తన తోటలో పండిన లీక్ ఉల్లికాడలు కట్ట కట్టి వాడి బాల్చీలో పెట్టింది. అది క్షమాపణ అని మాకిద్దరికే తెలుసు.

డోరీన్ రిటైరు కావడానికి మూడు వారాలు ఉందనగా ఆవిడ సంతకం కోసం ఇంకో కాగితం వచ్చింది. మాకు కొత్తగా దక్షిణాది నుంచి క్రెయిగ్ స్టొబార్ట్ అనే డిటెక్టివ్ వచ్చాడు. వచ్చి ఆరు నెలలు. మా ఊరి యాస వాడికి అర్థమయ్యేది కాదు, అందుకని డోరీన్ పుస్తకం బట్టీపట్టాడు. ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవాడు చరిత్రలో వాడొక్కడే. వాడు లెన్‌ని పట్టుకున్నాడు. సారాకొట్టు వెనక పెరటిగోడ సందులో హెరాయిన్ పొట్లాలు దొరికాయి. ఆ పెరట్లోకి ఊళ్ళో ఎవరైనా వెళ్ళొచ్చు. లెన్ ఆ సమయానికి అక్కడ అద్దాలు తుడుస్తున్నాడు, అంతే. పొట్లాలకీ లెన్‌కీ ముడిపెట్టేది స్టొబార్ట్ రాసిన వాంగ్మూలం ఒక్కటే. తాను మఫ్టీలో ఉండగా లెన్ దగ్గరికొచ్చి అన్నాడట: "ఏం గురూ, ఫ్లంబిట్ కావాలా? మంచి సరుకు."

ఫ్లంబిట్ అంటే హెరాయినేనని ధ్రువీకరిస్తూ డోరీన్ సంతకం పెట్టాలి, తర్వాత కోర్టుకొచ్చి అదే చెప్పాలి. పాత కేసులు ఉన్నాయి కాబట్టి లెన్‌కి నాలుగేళ్ళు ఖాయం అన్నారు.

డోరీన్ ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. చదివాను.

"లెన్ ఈ మాట అనడే," అంది డోరీన్. "ఎవరూ అనరు. ఈ భూమ్మీద ఈ మాట అనేవాడు ఎవడైనా ఉంటే వాడు నా పుస్తకం చదివినవాడే."

"అంటే స్టొబార్ట్..."

"గాడిద కొడుకు. కూర్చుని కథ రాశాడు. నా నూరో నంబరు పెట్టి మరీ రాశాడు."

డోరీన్ నోట తిట్టు వినడం నాకదే మొదటిసారి. తిన్నగా ఇన్‌స్పెక్టరు మెల్రోజ్ గదికి వెళ్ళింది. వెనకాలే నేనూ వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను.

"సార్, ఈ మాట నిజం కాదు. ఫ్లంబిట్. తొంభై ఎనిమిదిలో నేనే కల్పించాను."

మెల్రోజ్ అలమారాలోంచి పుస్తకం తీసి వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో నూరో నంబరు. పదకొండు జిల్లాల పుస్తకాల్లో ఉంది. ప్రొఫెసరుగారు ఏకంగా పేజీన్నర రాశారు. ఇన్ని చోట్ల ఉన్న మాట లేదంటే ఎలాగండీ డోరీన్?"

"వాళ్ళంతా నా దగ్గర ఎత్తి రాసినవాళ్ళే సార్."

"సరే. మీరు కల్పించినట్టు ఈ పన్నెండింట్లో ఎక్కడైనా రాసుందా?"

"లేదు సార్."

"మరి!" అన్నాడు, ఏదో గెలిచినట్టు. తర్వాత గొంతు తగ్గించాడు. "చూడండి, మీ రిటైర్మెంటుకి వెండి పళ్ళెం మీద పేరు చెక్కించేశాం. మీరు ఇలాంటివి మాట్లాడితే ఇంతకుముందు సంతకం పెట్టిన రెండొందల పద్నాలుగు కేసులూ తిరగదోడతారు. అప్పుడు మీ పెన్షను సంగతి నా చేతుల్లో ఉండదు. ఇంటికెళ్ళి కాస్త విశ్రాంతి తీసుకోండి."

డోరీన్ బయటికొచ్చి నా వైపు చూసింది. "నేను చెప్పినా ఎవరూ నమ్మరు ఐవీ. ఆ మాటకి పన్నెండు సాక్ష్యాలున్నాయి. నాకు ఒక్కటీ లేదు."

ఒకటి ఉంది. నా గదిలో, పై అరలో, తొంభై ఎనిమిది అని అట్ట మీద రాసిన రిజిస్టరు. దాని సంగతి ఆవిడ మరిచిపోయింది. నేను మరిచిపోలేదు. అయినా నోరు విప్పలేదు. ప్రభుత్వ రిజిస్టరులో వెకిలి రాతలు రాసింది నేను, నాకూ పెన్షను ఉంది, నాకూ మెల్రోజే అధికారి. రెండు రోజులు ఆ అర వైపు తలెత్తి చూడలేదు. గొడుగులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకున్నా నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మూడోనాడు లెన్ కూతురు కెర్రీ వచ్చింది. తండ్రి నిచ్చెన, బాల్చీ పోలీసుల దగ్గర ఉండిపోయాయి, తీసుకెళ్ళొచ్చా అని అడిగింది. అవి పోయిన వస్తువులు కావమ్మా, కేసు వస్తువులు అన్నాను.

"ఉంచుకోండి అయితే. ఆయనకింకెందుకు?" అంది. మొహంలో కోపం తప్ప ఇంకేం లేదు. "ఏడేళ్ళు ఆయన్ని గుమ్మం తొక్కనివ్వలేదు నేను. పోయినేడాదే నా పిల్లని మంగళవారం మంగళవారం బడికి తీసుకెళ్ళనిచ్చాను. మారాడనుకున్నా. పిల్ల చెయ్యి పట్టుకుని అటు బడిలో దింపి, ఇటు వచ్చి ఇది అమ్ముతున్నాడన్నమాట. నాదే బుద్ధితక్కువ."

"అమ్మాయ్, మీ నాన్న ఆ మాట అనలేదు," అన్నాను.

"మీకెలా తెలుసు?"

స్టూలెక్కి రిజిస్టరు దించాను. దుమ్ముకి ఇద్దరం తుమ్మాం. ఆ సాయంత్రమే డోరీనూ నేనూ కెర్రీని వెంటబెట్టుకుని లెన్ లాయరు దగ్గరికి వెళ్ళాం.

కోర్టులో స్టొబార్ట్ సాక్ష్యం చెప్పి దిగాక డోరీన్‌ని పిలిచారు; ఆవిడ ఒప్పుకున్న సంగతి మెల్రోజ్ వకీలు చెవిన వేసినట్టు లేదు. ప్రభుత్వ వకీలు బొద్దుగా, నవ్వుముఖంతో ఉన్నాడు. ఫ్లంబిట్ దేని పేరు అని అడిగాడు. లంచ్‌కి వెళ్ళే ముందు చిన్న పని ముగించుకునే తీరు అతనిది.

"దేనిదీ కాదండీ. నేను కల్పించాను."

జడ్జిగారు కళ్ళద్దాలు దించి చూశారు. వకీలు నవ్వు చెదరలేదు. "ముప్పై ఏళ్ళ సర్వీసు, పాపం, జ్ఞాపకశక్తి కొంచెం..." అంటూ పదకొండు పుస్తకాలూ, ప్రొఫెసరుగారి వ్యాసమూ ఒకదాని మీద ఒకటి పేర్చాడు. "హాలండు నావికుల కాలం నుంచి ఉన్న మాటని మీరు తొంభై ఎనిమిదిలో ఎలా కల్పించారమ్మా?"

"బిస్కెట్ తింటూ," అంది డోరీన్. జ్యూరీలో ఒకావిడ నవ్వాపుకోలేకపోయింది. డోరీన్ జడ్జిగారి వైపు తిరిగింది. "నేను అబద్ధం రాశాను. ముప్పై ఏళ్ళలో ఒక్కటే రాశాను. ఆ ఒక్క దాంతో ఒక మనిషిని జైల్లో పెడుతున్నారు. నన్నేం చేసినా సరే, ఆ మాట అతని నోట్లోంచి రాలేదు."

తర్వాత నన్ను పిలిచారు. రిజిస్టరు జడ్జిగారికి అందించారు. ఆయన గొంతు సవరించుకుని పైకి చదివారు: "చేతితొడుగు, ఎడమది, ఊలు. ఒక మాట, పేరు ఫ్లంబిట్. డోరీన్ నోట్లో, బిస్కెట్ పక్కన. యజమాని లేడు. కట్టుడు పళ్ళు, పై వరస." కోర్టు కోర్టంతా గొల్లుమంది. తేదీ చూశారు. మొదటి పుస్తకం అచ్చయిన తేదీ చూశారు. రిజిస్టరే అయిదు వారాలు ముందు.

వకీలుకి అప్పుడు చెమట పట్టింది. "ఇది సరదాకి రాసింది కాదా?"

"అవునండీ. ఆ పుస్తకంలోదీ సరదాకి రాసిందే. కాకపోతే దాని అట్ట గట్టిది," అన్నాను.

లెన్ లాయరు స్టొబార్ట్‌ని మళ్ళీ బోను ఎక్కించాడు. ఒకటే ప్రశ్న. ఈ మాట మీరు లెన్ నోట విన్నారా, పుస్తకంలో చదివారా? స్టొబార్ట్ మంచినీళ్ళు అడిగాడు. గ్లాసు ఖాళీ చేశాడు. "అదే... అలాంటిదే ఏదో మాట..." అని నసిగాడు. జడ్జిగారు ఇక చాలన్నారు. మధ్యాహ్నానికల్లా లెన్ బయటికొచ్చాడు. మెట్ల మీద కెర్రీ వాడి ముందు నిలబడి, "మంగళవారం తొమ్మిదింటికి రా నాన్నా, ఆలస్యం చెయ్యకు," అంది. లెన్ తలూపి, పక్కకి తిరిగి ముక్కు చీదుకున్నాడు.

న్యాయం జరిగిందని మీరు సంతోషిస్తుంటే కాస్త ఆగండి. అబద్ధం రాసిన స్టొబార్ట్‌ని శిక్షణ కళాశాలకి మార్చారు, కొత్తవాళ్ళకి వాంగ్మూలం రాయడం నేర్పడానికి. నిజం చెప్పిన డోరీన్‌ని ఆ సాయంత్రమే ఇంటికి పంపేశారు. పెన్షను మీద విచారణ పద్నాలుగు నెలలు నడిచి, చివరికి కోత పెట్టి ఇచ్చారు. వెండి పళ్ళెం ఏమైందో తెలియదు. నా గదికి మాత్రం రాలేదు. లెన్ మాకిద్దరికీ వారం వారం కిటికీలు తుడిచిపెడుతున్నాడు, డబ్బిస్తే కొట్టేలా చూస్తాడు. పక్కింటావిడ పొయ్యి మీద ఏం ఉడుకుతోందో కూడా ఇప్పుడు నాకు స్పష్టంగా కనిపిస్తోంది.

ఏడాది తిరిగేసరికి పుస్తకం కొత్త ముద్రణ వచ్చింది. నేనే ఒక ప్రతి పట్టుకెళ్ళి డోరీన్‌కి ఇచ్చాను. నూరో నంబరు అలాగే ఉంది. ఫ్లంబిట్, హెరాయిన్. కింద సన్న అక్షరాల్లో కొత్తగా ఒక ఆధారం చేర్చారు: "కోర్టు విచారణలో సైతం ప్రస్తావనకు వచ్చినది."

నేను నవ్వబోయాను. డోరీన్ నవ్వలేదు. పుస్తకం మూసి అడిగింది, "రేపు ఇంకో ఊళ్ళో ఇంకో స్టొబార్ట్ ఇంకో లెన్‌ని పట్టుకుంటే?"

"రిజిస్టరు ఉందిగా, కోర్టువాళ్ళు తిరిగిచ్చేశారు," అన్నాను.

ఆ వారమే మెల్రోజ్ సంతకంతో కాగితం దిగింది. పదేళ్ళు దాటిన రిజిస్టర్లన్నీ నెలాఖరులోగా చించి పారేయాలట. స్థలం చాలడం లేదట. ఒళ్ళు మండిపోయింది. అంత పెద్ద గదిలో వాళ్ళకి ఇరుకనిపించింది ఆ ఒక్క రిజిస్టరే అని నాకు తెలియదా? మిగతావన్నీ చెప్పినట్టే చించేశాను. ఆ ఒక్కదాన్ని తీసుకెళ్ళి వెనక మెట్ల కింద పడేశాను. కాసేపాగి నేనే వెళ్ళి దాన్ని కనుగొన్నాను.

కొత్త రిజిస్టరులో గుండ్రటి అక్షరాలతో రాశాను. వస్తువు: పాత రిజిస్టరు ఒకటి. దొరికిన చోటు: వెనక మెట్ల కింద. తేదీ. యజమాని: తెలియదు. నియమం ప్రకారం నోటీసు బోర్డు మీద కాగితం కూడా అంటించాను. ఆ బోర్డు ముందు నుంచి మెల్రోజ్ రోజూ నాలుగుసార్లు టీకి వెళ్ళొచ్చేవాడు. ఇరవై ఎనిమిది రోజులు గడిచాయి. ఎవరూ వచ్చి నాదనలేదు. ఇరవై తొమ్మిదోనాడు, తెచ్చిచ్చినదాన్ని నేనే కాబట్టి, యజమాని గడిలో నా పేరు రాసుకుని సంతకం పెట్టి ఇంటికి పట్టుకెళ్ళాను.

ఇప్పుడది డోరీన్ వంటింట్లో, రొట్టెల డబ్బా పక్కన ఉంటుంది. ఎక్కడినుంచి ఏ లాయరు ఫ్లంబిట్ కేసని ఫోను చేసినా చేతులు తుడుచుకుని పేజీ నంబరుతో సహా చదివి వినిపిస్తుంది. ఇప్పటికి ముగ్గురు చేశారు.